చుండ్రు కాదు, కుష్ఠు కాదు: తలచర్మ సోరియాసిస్

తలపై పొలుసులు రాలితే చుండ్రు అనడం వాడుక. అవే మచ్చలు నుదుటి మీదికి, చెవుల వెనుకకు పాకితే కుష్ఠు అన్న భయం పుడుతుంది. సోరియాసిస్ ఈ రెండింటిలో ఏదీ కాదు. 19వ శతాబ్ది ఆరంభంలో రాబర్ట్ విల్లన్ దీని లక్షణాలను చక్కగా వర్ణించినా ‘లెప్రా’ అన్న పేరును విడువలేదు. 1841లో వియన్నా వైద్యుడు హెబ్రా దీనిని కుష్ఠువు నుండి వేరుచేశాడు.

చుండ్రుతో భేదం మరింత సూక్ష్మం. చుండ్రులోను, దాని తీవ్రరూపమైన సెబోరిక్ డెర్మటైటిస్‌లోను మలాసేజియా అనే శిలీంధ్రానికి పాత్ర ఉంది. సోరియాసిస్‌లో దారితప్పేది రోగనిరోధక వ్యవస్థ. ఇంటర్‌ల్యూకిన్-23 ప్రేరణతో టి-కణాలు ఇంటర్‌ల్యూకిన్-17ను విడుదల చేస్తాయి. దానితో సుమారు నెల పట్టవలసిన చర్మకణాల పరిణతి కొద్ది రోజులలోనే ముగిసి, పొలుసులు దళసరిగా పేరుకుంటాయి. ఇది అంటువ్యాధి కాదు.

గుసెల్కుమాబ్ ఇంటర్‌ల్యూకిన్-23ను, సెకుకినుమాబ్ ఇంటర్‌ల్యూకిన్-17ను అడ్డుకునే సూదిమందులు. పైపూతలకు జుట్టే అడ్డంకి కనుక నురుగు రూపం ముందుకు వచ్చింది. రోఫ్లుమిలాస్ట్ నురుగును అమెరికా 2023లో సెబోరిక్ డెర్మటైటిస్‌కు, 2025లో తలచర్మ సోరియాసిస్‌కు అనుమతించింది. మందు ఒకటైనంత మాత్రాన వ్యాధులు ఒకటి కావు. అది అణచేది రెండింటికీ ఉమ్మడిగా ఉన్న శోథను.

వైద్యగ్రంథాలలోని ‘ఎరుపు’ తెల్లని చర్మం మీది వర్ణన. ముదురు చర్మంపై అది ఊదాగానో గోధుమగానో కనిపిస్తుంది. గుసెల్కుమాబ్‌పై జరిగిన ‘విజిబుల్’ అధ్యయనం శ్వేతజాతీయులు కానివారినే తీసుకొని, తలచర్మానికి ప్రత్యేక విభాగం కేటాయించడం అందుకే గమనార్హం. ‘ఎర్రని మచ్చలు’ అని యథాతథంగా తెనిగిస్తే, తెలుగు పాఠకుడు ఆ ఎరుపును తన తలపై వెతికి, కానరాక, చుండ్రేనని ఊరకుండే ప్రమాదం ఉంది.