మీకు తెలుసా? 300 కొని 450 వాడుకున్నారు!
1998లో ఇంటెల్ విడుదల చేసిన సెలెరాన్ 300ఏ ప్రాసెసర్ వేగం 300 మెగాహెర్ట్జ్. మదర్‌బోర్డు బస్ వేగాన్ని 66 నుంచి 100 మెగాహెర్ట్జ్‌కు మారిస్తే చాలు, చాలా చిప్‌లు ఏకంగా 450 అందుకునేవి. బస్ వేగాన్ని ఎన్ని రెట్లు చేస్తే చిప్ వేగం వస్తుందో చెప్పే గుణకాన్ని 4.5 దగ్గర కంపెనీయే బిగించేయడంతో బస్ వేగం పెరిగితే చిప్ వేగమూ పెరిగేది. చవక చిప్‌తో ఖరీదైన పెంటియం 2కు దీటైన పనితనం! ఓవర్‌క్లాకింగ్‌ను, అంటే చిప్‌ను నిర్ణీత వేగానికి మించి నడపడాన్ని, మామూలు కొనుగోలుదారుల దాకా తెచ్చింది ఇలాంటి చిప్‌లే.

అసలు చిక్కు వేడితోనే. వేగం పెంచితే విద్యుత్ వాడకం దాదాపు అదే నిష్పత్తిలో పెరుగుతుంది. వోల్టేజీ పెంచితే మాత్రం దాని వర్గాన్ని బట్టి పెరుగుతుంది: 10 శాతం వోల్టేజీకి 21 శాతం అదనపు విద్యుత్. అదంతా వేడిగానే బయటికొస్తుంది.

అందుకే 2011లో ఏఎండీ ప్రాసెసర్ ఎఫ్ఎక్స్-8150ని 8.429 గిగాహెర్ట్జ్‌కు చేర్చి గిన్నిస్ రికార్డు సాధించడానికి ద్రవ హీలియం వాడాల్సి వచ్చింది.

నేటి డెస్క్‌టాప్ ప్రాసెసర్లు చాలావరకు 95-100 డిగ్రీల సెల్సియస్‌కు చేరగానే తమంతట తామే వేగం తగ్గించుకుంటాయి. అయినా ఆ రక్షణ మీదే భారం వేయకూడదు. గది వేడి 10 డిగ్రీలు పెరిగితే చిప్ వేడీ దాదాపు అంతే పెరుగుతుంది. కాబట్టి డిసెంబరులో సరిచూసుకున్న ఓవర్‌క్లాకింగ్ సెట్టింగులను మే నెల ఎండల్లో, పూర్తి లోడ్ మీద మరోసారి పరీక్షించుకోండి.