గడ్డి పెంచితే ఇంజినీరింగ్ వస్తుందా?

హుస్సేనీ ఆలం నుంచి సముద్రం చూడాలంటే 300 కిలోమీటర్లకు పైనే వెళ్లాలి. అలాంటి గల్లీలో, మొదటి అంతస్తు గదిలో గాజు తొట్టి పెట్టి సముద్రపు గడ్డిని బతికించగలమా? సాధ్యమే. అయితే ఖరీదైన లైటు కొనడం ఇందులో పెద్ద పని కాదు. నాలుగైదు అంకెలను నెలల తరబడి కదలకుండా చూసుకోవడమే అసలు పని. ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి పనికొచ్చేదీ అదే.

ఇది నాచు కాదు

చాలామంది దీన్ని సముద్రపు నాచు అనుకుంటారు. కాదు. దీనికి వేళ్లు, ఇసుకలో పాకే కాండం, ఆకులు, పువ్వులు ఉంటాయి. పరాగసంపర్కం కూడా నీటిలోనే జరుగుతుంది. ప్రపంచంలో సుమారు 70 జాతులున్నాయి. మన దేశంలో పాక్ జలసంధి, మన్నార్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్, ఒడిశాలోని చిలికా సరస్సులో ఇది పెరుగుతుంది. సముద్రపు ఆవు అని పిలిచే డ్యూగాంగ్‌కు ఇదే మేత. ఆ జంతువు కోసమే తమిళనాడు 2022లో పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్లను సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది.

ఫ్యాను తిప్పితే ఉప్పు పెరుగుతుంది

100 లీటర్ల తొట్టి అనుకోండి. లీటరుకు 35 గ్రాముల లెక్కన 3,500 గ్రాముల సముద్ర లవణ మిశ్రమం కలపాలి. వంటింటి ఉప్పు పనికిరాదు, కాల్షియం, మెగ్నీషియం లాంటివీ కావాలి. నీటి వేడి 25 నుంచి 28 డిగ్రీల మధ్య ఉండాలి. హైదరాబాద్‌లో మే నెల ఎండ 40 దాటుతుంది. నీటి పైనుంచి చిన్న ఫ్యాను తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది.

అయితే ఆ చల్లదనం నీరు ఆవిరైతేనే వస్తుంది. నీరు పోతుంది, ఉప్పు అక్కడే ఉంటుంది. రోజుకు 2 లీటర్లు పోతే అయిదు రోజులకు మిగిలేది 90 లీటర్లు. అప్పుడు లీటరుకు ఉప్పు దాదాపు 39 గ్రాములు. అందుకే తగ్గిన మేరకు మళ్లీ ఉప్పునీరు కాకుండా ఆర్వో నీరే పోయాలి. ఒక వాటర్‌ప్రూఫ్ టెంపరేచర్ సెన్సర్, ఒక ఫ్లోట్ స్విచ్, ఒక ఆర్డుయినో బోర్డు ఉంటే ఈ పని దానంతటదే జరిగేలా చేయొచ్చు. ఒకదాన్ని సరిచేస్తే ఇంకోటి కదులుతుంది. కంట్రోల్ సిస్టమ్స్ సబ్జెక్టులో మనం బట్టీపట్టింది ఇదే.

ఇసుక లోతు, పగడాలతో పేచీ

వేళ్ల కోసం 10 నుంచి 15 సెంటీమీటర్ల సన్నని ఇసుక కావాలి. నైట్రేట్, ఫాస్ఫేట్, ఇనుము కొద్దికొద్దిగా అందాలి. పగడాల తొట్టిలో మాత్రం ఈ పోషకాలను వీలైనంత తక్కువగా ఉంచుతారు. అందుకే అనుభవం ఉన్నవాళ్లు గడ్డిని పక్క తొట్టిలో పెట్టి పైపులతో కలుపుతారు. ఇంకో మాట. నీరు, ఇసుక, గాజు అన్నీ కలిపితే బరువు సులభంగా 150 కిలోలు దాటుతుంది. పాతబస్తీలోని పాత మిద్దెల్లో తొట్టి పెట్టేముందు ఇంటి ఓనర్‌ను, మేస్త్రీని అడగండి.

మొక్క ఎక్కడిది?

మొదట అడగాల్సిన ప్రశ్న ఇది. సముద్రపు గడ్డి పెరిగే చోట్లు సీఆర్‌జెడ్ నిబంధనల ప్రకారం అత్యంత సున్నిత ప్రాంతాలు. గట్టి పగడాలు వన్యప్రాణి రక్షణ చట్టం షెడ్యూల్-1లో ఉన్నాయి. తీరానికి టూర్ వెళ్లి పీక్కొస్తే అది ప్రాజెక్టు అవ్వదు, కేసు అవుతుంది. ఎక్కడి నుంచి వచ్చిందో కాగితం చూపించలేని మొక్కను ఎవరు అమ్మినా కొనొద్దు.

మరి మొదలెట్టేదెలా? మొక్క లేకుండానే 60 రోజులు ఉప్పునీటిని నిలకడగా నడపండి. పక్కనే మంచినీటి తొట్టిలో వాలిస్నేరియా పెంచండి. అక్వేరియం దుకాణాల్లో తక్కువ ధరకే దొరుకుతుంది. అదీ, మన చెరువుల్లో పెరిగే హైడ్రిల్లా, సముద్రపు గడ్డిలో కొన్ని జాతులూ ఒకే కుటుంబానికి చెందినవి. వేళ్లు, ఇసుక, లైటు సంగతులు ముందు దీనితో నేర్చుకోవచ్చు.

సముద్రం ఉద్యోగాలు మన ఊళ్లోనే

ప్రగతినగర్‌లోని ఇన్‌కాయిస్ 1999 నుంచి పనిచేస్తోంది. ఉపగ్రహాలిచ్చే సముద్ర ఉష్ణోగ్రతల ఆధారంగా పగడాలు ఎక్కడ తెల్లబడే ప్రమాదముందో హెచ్చరిస్తుంది. మీరు తొట్టిలో కొలిచే ఉష్ణోగ్రతనే వాళ్లు సముద్రమంతా కొలుస్తారు. రాజేంద్రనగర్‌లో జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డు ఉంది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద రంగుచేపల యూనిట్లకు జనరల్ కేటగిరీకి 40 శాతం, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు 60 శాతం సబ్సిడీ పెట్టారు. ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో జిల్లా మత్స్యశాఖ ఆఫీసులో కనుక్కోండి. పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం, సీఎంఎఫ్ఆర్ఐ ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి.

రెజ్యూమెలో 'హాబీస్: అక్వేరియం' అని రాస్తే ఎవరూ ఆగి చదవరు. '100 లీటర్ల ఉప్పునీటి తొట్టిలో 60 రోజులు ఉష్ణోగ్రత, లవణ శాతం రికార్డు చేశాను, గ్రాఫ్, కోడ్ జతచేశాను' అని రాస్తే కనీసం ఒక ప్రశ్నయినా దాని మీదే అడుగుతారు. కరెంటు పోయిన రోజు గ్రాఫ్ ఎలా వంగిందో, మళ్లీ ఎన్ని గంటలకు సర్దుకుందో చెప్పగలిగితే, జవాబు మీ దగ్గర సిద్ధంగా ఉన్నట్టే.