విడదీసి ఇవ్వడంలోని ఔచిత్యం

డెన్మార్క్ దేశంలోని బిల్లుండ్‌లో 1932లో ఒక వడ్రంగి నెలకొల్పిన సంస్థ లెగో. దాని ప్లాస్టిక్ ఇటుకకు నేటి రూపం 1958లో ఏర్పడింది. నాటి ఇటుక నేటి ఇటుకతోనూ చక్కగా అతుకుతుంది. పిల్లల ఆటవస్తువుగా ప్రసిద్ధమైనా, పెద్దలు సైతం దీనిని మక్కువతో సేకరిస్తారు. 2008లో వెలువడిన తాజ్‌మహల్ నమూనాలో 5,922 ముక్కలున్నాయి.

ఎన్నో రాత్రులు కూర్చొని పేర్చి, అద్దాల బీరువాలో నిలుపుకున్న కట్టడాన్ని ఇల్లు మారినప్పుడో, వయసు మీరినప్పుడో పరులకు అప్పగించవలసి వస్తే మనసు అంగీకరించదు. కట్టినది కట్టినట్లే ఇవ్వాలనిపించడం సహజం. అయితే ఈ ఇటుకలను జిగురుతో అతికించరు. విడదీసి మరల కట్టుకొనుటకే అవి రూపొందాయి. పూర్తయిన కట్టడాన్ని పొందినవారికి చూచే సంతోషం మాత్రమే దక్కుతుంది. విడదీసి ఇచ్చినచో కట్టే ఆనందమూ వారిదవుతుంది.

కనుక దాతలు ముక్కలను గోరువెచ్చని సబ్బునీటితో కడిగి, నీడలో ఆరబెట్టాలి. స్టిక్కర్లు, విద్యుత్ పరికరాలు ఉన్నవాటిని తడపరాదు. సూచనల పుస్తకంతో సరిచూసి, లోపించిన ముక్కల జాబితా జతపరచాలి. చివరి అంతస్తులో ఒక్క ముక్క లేకున్నా పొందినవారి శ్రమ నిష్ఫలమవుతుంది. చిన్న ముక్కలను మింగే ప్రమాదమున్నందున మూడేళ్ళలోపు పిల్లలున్న ఇంటికి ఇవ్వకపోవడం మేలు.