ఉప్పేసి రుబ్బితేనే గుట్టు భద్రం!

వెబ్‌సైట్ కట్టే కుర్రాళ్లకు మొదట అనిపించేది ఒకటే... 'లాగిన్ పేజీదేముంది, రెండు గళ్లు పెడితే సరి!' పేరుకో గడి, పాస్‌వర్డుకో గడి. తాళం పెట్టడం తేలికే. కానీ ఊరందరి తాళంచెవులూ ఒకేచోట దాచాలి. చిక్కంతా అక్కడే.

ఆ చిక్కు పాస్‌వర్డుతోపాటే పుట్టింది. 1960ల మొదట్లో అమెరికాలోని ఎంఐటీలో ఒకే కంప్యూటర్‌ని చాలామంది పంచుకునే సీటీఎస్ఎస్ వ్యవస్థను ఫెర్నాండో కార్బటో బృందం తయారుచేసింది. ఎవరి ఫైళ్లు వాళ్లకే చెందాలిగా... అందుకే తలా ఓ పాస్‌వర్డు. అక్కడ అలెన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి 4 గంటలే కేటాయించారు. పని తెమిలేదికాదు. 1962లో ఓ శుక్రవారం రాత్రి, పాస్‌వర్డుల ఫైలు అచ్చువేయమంటూ పంచ్‌కార్డు పెట్టి వెళ్లాడు. శనివారం పొద్దున్నే కాగితాలు చేతికొచ్చేశాయి! ఆ సంగతి ఏళ్ల తరబడి ఆయన బయటపెట్టలేదు. 1966లో మరీ విడ్డూరం. స్వాగత సందేశం ఫైలూ పాస్‌వర్డుల ఫైలూ పొరపాటున తారుమారై... లాగినైన వాళ్లకల్లా అందరి పాస్‌వర్డులూ కనిపించాయి!

మరి దాచకుండా సరిచూసేదెలా? ఇడ్లీపిండి గుర్తుతెచ్చుకోండి. పప్పు రుబ్బితే పిండవుతుంది, పిండిని మళ్లీ పప్పు చేయలేం. 'హ్యాషింగ్' అంటే అదే. పాస్‌వర్డుని రుబ్బి ఆ ముద్దనే దాస్తారు. మళ్లీ వచ్చినప్పుడు టైప్ చేసినదాన్నీ అలాగే రుబ్బి పోల్చిచూస్తారు. ఇద్దరిదీ ఒకే పాస్‌వర్డయితే? ముద్దలూ ఒకేలా ఉంటాయి, ఒకటి తెలిస్తే రెండోదీ తెలిసిపోతుంది. అందుకే ఒక్కొక్కరికీ వేరువేరుగా చిటికెడు 'ఉప్పు' కలుపుతారు. నిజంగానే దాని పేరు సాల్ట్! రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ 1979లోనే దీన్ని వివరించారు. 1999లో వచ్చిన బీక్రిప్ట్ అయితే కావాలనే నెమ్మదిగా రుబ్బుతుంది. ఒక్కసారి లాగినయ్యే మనకి ఆ ఆలస్యం తెలియదు. కోట్లసార్లు ఊహించి చూడాల్సిన దొంగకే నరకం.

ఇంత తెలిశాక కూడా 2009 డిసెంబరులో రాక్‌యూ సంస్థ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డులు పోయాయి. అన్నీ రుబ్బకుండా ఉన్నవున్నట్టు దాచినవే. వాటిలో దాదాపు 2.9 లక్షలు... '123456'. దాన్ని ఏ ఉప్పూ కాపాడలేదు లెండి!

జాంగోలాంటి ఫ్రేమ్‌వర్కుల్లో ఈ రుబ్బురోలు సిద్ధంగానే ఉంటుంది. పేరు బదులు ఫోన్ నంబరుతో లాగిన్ కావాలంటే గుమ్మం వరకూ మార్చుకోవచ్చు. రోలు మాత్రం సొంతంగా చెక్కొద్దంటారు అనుభవజ్ఞులు.

కార్బటో 2019లో, 93వ ఏట కన్నుమూశారు. అంతకు ఐదేళ్లముందు ఓ ఇంటర్వ్యూలో ఆయనే ఒప్పుకున్నారు... తన పాస్‌వర్డులు గుర్తుండక మూడు కాగితాల నిండా టైపు చేసి పెట్టుకున్నానని!