పల్చటి పొర: మెహ్రౌలీ స్తంభం నుంచి గుండె స్టెంట్ దాకా

తుప్పు పట్టడం ఇనుము స్వభావం. గాలీ నీరూ తగిలిన చోటల్లా అది ఆక్సిజన్‌తో కలిసి, తాను ఏ మట్టిలోంచి వచ్చిందో ఆ మట్టి రూపానికే తిరిగి చేరాలని చూస్తుంది. వానలో వదిలేసిన కొడవలిదీ, పొలం గట్టున పడేసిన నాగలి కర్రుదీ ఇదే గతి. అయినా దిల్లీలో ఒక ఇనుప స్తంభం దాదాపు 1600 ఏళ్ళుగా ఆరుబయట నిలబడి ఉంది. గుండె రక్తనాళంలో అమర్చిన ఉక్కు స్టెంటు ఉప్పదనమున్న రక్తంలో ఏళ్ళ తరబడి నానుతూ కూడా పాడవకుండా ఉంటోంది. రెండింటినీ కాపాడుతున్న సూత్రం ఒకటే. లోహం మీద తనంతట తానే ఏర్పడే ఒక పల్చటి పొర, కింద ఉన్న లోహానికి గాలినీ నీటినీ అందనివ్వదు.

ఈ పొర గురించి తెలుసుకోవాలంటే ఇంజనీరు, వైద్యుడు, సైన్సు చరిత్రకారుడు ముగ్గురూ కావాలి. ఆ మూడు రకాల విద్యలూ ఇరుగుపొరుగుగా ఉన్న చోటు దక్షిణ దిల్లీలోని బేర్ సరాయ్. సరాయ్ అంటే బాటసారుల సత్రం. జియా సరాయ్, కట్వారియా సరాయ్‌లలాగే ఇదీ నగరం కలుపుకున్న పాత ఊరు. గేట్, సివిల్స్ పరీక్షలకు చదివేవారి అద్దె గదులు, పుస్తకాల దుకాణాలు, జిరాక్స్ షాపులతో ఇరుకిరుకుగా ఉంటుంది. తెలుగు రాష్ట్రాల నుంచి వచ్చిన విద్యార్థులూ ఇక్కడ కనిపిస్తారు. పక్కనే దిల్లీ ఐఐటీ. ఎదురుగా జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయం పాత ప్రాంగణం. ఆ విశ్వవిద్యాలయంలోని జాకిర్ హుస్సేన్ విద్యా అధ్యయన కేంద్రం సైన్సు చరిత్ర పరిశోధనకు పేరు పొందింది. ఉత్తరాన అయిదారు కిలోమీటర్ల దూరంలో ఎయిమ్స్, దక్షిణాన నాలుగైదు కిలోమీటర్ల దూరంలో మెహ్రౌలీ. కుతుబ్ మీనార్ ఆవరణలో ఉన్న ఆ ఇనుప స్తంభం మెహ్రౌలీలోనే ఉంది.

మలినమే కవచం

స్తంభం ఎత్తు సుమారు 7.2 మీటర్లు. అందులో ఒక మీటరు దాకా భూమిలో ఉంటుంది. బరువు ఆరు టన్నుల పైనే. దాని మీద గుప్తుల కాలపు బ్రాహ్మీ లిపిలో చెక్కిన సంస్కృత శాసనం ‘చంద్ర’ అనే రాజును పొగుడుతుంది. ఆ రాజు క్రీ.శ. 375-415 ప్రాంతంలో పాలించిన రెండో చంద్రగుప్తుడేనని చరిత్రకారుల్లో ఎక్కువమంది అభిప్రాయం. శాసనం ప్రకారం స్తంభాన్ని విష్ణుపదగిరి మీద విష్ణు ధ్వజంగా నిలబెట్టారు. అంటే దాని మొదటి చోటు దిల్లీ కాదు, తర్వాతి కాలంలో ఎవరో ఇక్కడికి తెచ్చారు.

ఇంత పెద్ద స్తంభాన్ని ఒకేసారి పోత పోయలేదు. ఆనాటి కొలిమి వేడికి ఇనుము కరగదు. మెత్తబడి, చిట్టెంతో కలిసిన ముద్దగా మాత్రమే దిగుతుంది. అలాంటి ముద్దలను ఎర్రగా కాల్చి, ఒకదాని మీద ఒకటి పెట్టి, సమ్మెటలతో కొట్టి ఏకం చేశారు. లోహంలో ఇప్పటికీ చిక్కుకుని ఉన్న చిట్టెం రేణువులే ఈ పద్ధతికి సాక్ష్యం.

తుప్పు ఎందుకు పట్టలేదన్న ప్రశ్నకు మొదట వినిపించిన జవాబు దిల్లీ వాతావరణం. ఏడాదిలో ఎక్కువ నెలలు గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తుప్పుకు అవకాశం తక్కువన్నారు. భూమిలో ఉన్న భాగానికి మాత్రం తుప్పు పట్టినట్టు తవ్వినప్పుడు తేలింది కనుక ఈ మాటలో కొంత నిజం ఉంది. కానీ అదే దిల్లీ గాలిలో మామూలు ఇనుము తుప్పు పడుతూనే ఉంది. మిగతా కారణం లోహంలోనే వెతకాల్సి వచ్చింది.

1912లో ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరానికి చెందిన లోహ శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హాడ్‌ఫీల్డ్ స్తంభపు ఇనుమును విశ్లేషించాడు. ఇనుము 99.72 శాతం, కార్బన్ 0.08 శాతం, భాస్వరం 0.114 శాతం అని తేలింది. ఈ చివరి అంకె చూడటానికి చిన్నది. కానీ నేటి ఉక్కులో సాధారణంగా ఉండనిచ్చే భాస్వరంతో పోలిస్తే రెండింతల పైనే. భాస్వరం ఎక్కువైతే ఇనుము పెళుసుబారుతుంది. అందుకే ఆధునిక కొలిమిలో సున్నపురాయి వేసి దాన్ని చిట్టెంలోకి లాగేస్తారు. పాతకాలపు కొలిమిలో ఖనిజం, బొగ్గు తప్ప సున్నం ఉండేది కాదు. అందువల్ల భాస్వరం లోహంలోనే మిగిలిపోయింది.

ఆ మిగిలిపోయిన మలినమే స్తంభాన్ని కాపాడిందని కాన్పూర్ ఐఐటీకి చెందిన ఆర్. బాలసుబ్రహ్మణ్యం వివరించాడు. 2000లో వెలువడిన ఆయన పరిశోధన ప్రకారం మొదట స్తంభానికీ తుప్పు పట్టింది. తుప్పు పడుతున్న కొద్దీ ఇనుము తరిగి, లోహానికీ తుప్పుకూ నడుమ భాస్వరం పోగుపడింది. దాని ప్రభావంతో మామూలు తుప్పులా పొలుసులుగా రాలిపోకుండా, లోహాన్ని గట్టిగా అంటుకునే మిసావైట్ అనే పొర ఏర్పడింది. వానకు తడవడం, ఎండకు ఆరడం శతాబ్దాల పాటు సాగాక దాని కింద ఇనుప ఫాస్ఫేటు స్ఫటికాలు పేరుకుని రంధ్రాలను పూడ్చేశాయి. మొత్తం పొర మందం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మాత్రమే.

తడి, పొడి మారిమారి రావడం వల్లనే పొర గట్టిపడింది కాబట్టి వాతావరణాన్ని చూపిన పాత జవాబు పూర్తిగా తప్పు కాదు, అసంపూర్ణం. ఇదే సూత్రం పరిశ్రమలోకి వేరే దారిన వచ్చింది. 1933 నుంచి అమెరికాలో తయారైన కార్టెన్ ఉక్కులో రాగి, భాస్వరం కావాలనే కలుపుతారు. రంగు వేయకుండానే అది ఎండావానలను తట్టుకుంటుంది.

స్తంభం మొదట ఎక్కడుండేదన్నది చరిత్రకారులు తేల్చాల్సిన విషయం. దానికీ లోహ శాస్త్రజ్ఞుడు చేయి కలిపాడు. విదిశ దగ్గరి ఉదయగిరి గుహల్లో శయన విష్ణువు శిల్పం ఉంది. ఎండాకాలంలో పగలు అన్నిటికన్నా పొడుగ్గా ఉండే రోజుల్లో అక్కడ సూర్యుడి దిశనూ, నీడ పడే తీరునూ లెక్కగట్టి, స్తంభం ఆ కొండ మీదే నిలిచి ఉండేదని బాలసుబ్రహ్మణ్యం, ఆయన సహ పరిశోధకులు ప్రతిపాదించారు. శాసనం చెప్పే విష్ణుపదగిరి అదేనన్నది వారి వాదం.

ఉక్కు అనే తెలుగు మాట

స్తంభపు ఇనుములో కార్బన్ 0.1 శాతం కూడా లేదు కాబట్టి అది మెత్తటి ఇనుము. దక్షిణాదిన మట్టి మూసల్లో తయారైన ఉక్కులో ఒకటిన్నర శాతం దాకా కార్బన్ ఉండేది. వరి ఊక కలిపిన మట్టితో మూస చేసి, అందులో ఇనుమూ కార్బన్‌నిచ్చే పదార్థమూ పెట్టి, మూత బిగించి గంటల తరబడి కాల్చేవారు. సేలం ప్రాంతంలో మూసలోకి తంగేడు కర్ర, జిల్లేడు ఆకులు వేసేవారు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో పద్ధతి వేరు. అక్కడ రెండు చోట్ల నుంచి తెచ్చిన రెండు రకాల ఇనుమును ఒకే మూసలో కరిగించేవారు.

కోనసముద్రం ఉక్కు కోసం పర్షియా వ్యాపారులు అక్కడికే వచ్చి మకాం వేసేవారు. ఆ దిమ్మలు పశ్చిమాసియా చేరి డమాస్కస్ కత్తులుగా పేరు పొందాయి. దక్షిణ భారత భాషల ‘ఉక్కు’ ఆంగ్లేయుల నోట ‘వుట్జ్’ అయిందన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ.

ఈ ఉక్కును ఐరోపా విజ్ఞాన లోకానికి చేర్చింది వైద్యులు. బొంబాయిలో ఉన్న హెలెనస్ స్కాట్ అనే వైద్యుడు 1794లో దీని నమూనాలను లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు పంపాడు. ఆయన ఉత్తరాల్లో భారతీయ శస్త్రవైద్యుల కంటి శుక్లాల చికిత్సా, తెగిన ముక్కును మళ్ళీ అమర్చే విద్యా ప్రస్తావనకు వచ్చాయి. 1795లో జార్జ్ పియర్సన్ ఆ ఉక్కు మీద చేసిన ప్రయోగాలను రాయల్ సొసైటీ పత్రికలో ప్రకటించాడు. లండన్‌లో శస్త్రచికిత్స పనిముట్లు చేసే జేమ్స్ స్టోడార్ట్ తన కత్తులకు ఇదే మేలైన ఉక్కని ఎంచుకున్నాడు. 1819 నుంచి యువ శాస్త్రజ్ఞుడు మైకేల్ ఫారడేతో కలిసి దాని రహస్యం కోసం ప్రయోగాలు చేశాడు. వేరే లోహాలు కలిపితే ఉక్కు గుణం ఎలా మారుతుందన్న క్రమబద్ధమైన అన్వేషణల్లో ఇది తొలి తరానిది.

కోనసముద్రం కొలుముల తీరును వివరంగా రాసిన హెన్రీ వాయ్సే కూడా వైద్యుడే. దేశాన్ని కొలిచిన త్రికోణమితీయ సర్వేలో శస్త్రవైద్యుడిగా, భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పనిచేశాడు. ఆయన వర్ణన ఆయన మరణానంతరం 1832లో అచ్చయింది.

నేటి ప్రయోగశాలలు ఈ ఉక్కులోనూ మలినం పాత్రనే చూపాయి. డమాస్కస్ కత్తి మీద నీటి అలల్లా కనిపించే గీతలకు ఖనిజంలోని వెనేడియం జాడలు కారణమని అమెరికా లోహ శాస్త్రజ్ఞుడు జాన్ వెర్హోవెన్, కత్తుల కమ్మరి ఆల్‌ఫ్రెడ్ పెండ్రే 1998లో చూపించారు. ఆ ఖనిజం దొరకడం ఆగిపోయాక గీతలున్న కత్తి చేసే విద్య మరుగున పడి ఉండవచ్చని వారి ఊహ. 17వ శతాబ్దపు ఒక కత్తిలో కార్బన్ నానో గొట్టాలు కనిపించాయని 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ బృందం ప్రకటించింది. 2010లో బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం, బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయనాల సంస్థ కలిసి ఉత్తర తెలంగాణ ఊళ్ళలో సర్వే జరిపి, చిట్టెం దిబ్బలనూ పాత కొలుముల జాడలనూ నమోదు చేశాయి. తెలంగాణ ఇనుము, ఉక్కు పరిశ్రమపై ఏళ్ళ తరబడి పనిచేసిన ఎస్. జైకిషన్ అంతకుముందే ఈ దారి వేశాడు.

ఒంట్లోని లోహం

హాడ్‌ఫీల్డ్ స్తంభాన్ని విశ్లేషించిన మరుసటి ఏడాది, 1913లో, అదే షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ క్రోమియం కలిపిన తుప్పు పట్టని ఉక్కును తయారుచేశాడు. స్తంభాన్ని భాస్వరం కాపాడితే, స్టెయిన్‌లెస్ స్టీలును క్రోమియం కాపాడుతుంది. క్రోమియం ఆక్సిజన్‌తో కలిసి పైన కంటికి కనిపించని పొర కడుతుంది. గీత పడితే ఆ పొర మళ్ళీ తనంతట తానే కట్టుకుంటుంది.

వంటింటి గిన్నెకు ఈ పొర చాలు, ఒంటికి చాలదు. రక్తంలోని ఉప్పు పొరను అక్కడక్కడ తొలిచి సన్నటి గుంటలు చేస్తుంది. అందుకే శరీరంలో అమర్చే 316ఎల్ రకం ఉక్కులో సుమారు 17 శాతం క్రోమియంతో పాటు రెండు మూడు శాతం మాలిబ్డినం కలిపి, కార్బన్‌ను 0.03 శాతానికి మించకుండా చూస్తారు. మూస ఉక్కుకు ప్రాణమైన కార్బనే ఇక్కడ పనికిరానిది. అది క్రోమియాన్ని తనలోకి లాక్కుని పొరను బలహీనం చేస్తుంది.

రక్షణ పరిశోధనల లోహ విజ్ఞానం గుండెకు పనికొచ్చిన ఉదాహరణ హైదరాబాద్‌లో ఉంది. అబ్దుల్ కలాం, హృద్రోగ నిపుణుడు బి. సోమరాజు కలిసి తక్కువ ధరలో దొరికే కలాం-రాజు స్టెంటును 1990లలో రూపొందించారు. దిగుమతి స్టెంటు ఖరీదు భరించలేని రోగులే వారి దృష్టిలో ఉన్నవారు.

బేర్ సరాయ్ పొరుగున ఈ కలయికకు సంస్థ రూపమే ఉంది. 1971లో దిల్లీ ఐఐటీ, ఎయిమ్స్ ఉమ్మడిగా బయోమెడికల్ ఇంజనీరింగ్ కేంద్రాన్ని నెలకొల్పాయి. అక్కడ పనిచేసిన సుజోయ్ గుహ నీటి గొట్టాల లోపల సూక్ష్మజీవులను చంపే పాలిమర్ పూత మీద పరిశోధన చేశాడు. అదే పూత శరీరంలోని గొట్టానికీ పనికొస్తుందన్న ఆలోచనలోంచి 1970ల చివర్లో మగవారి గర్భనిరోధక సూది ‘రిసుగ్’ పుట్టింది. శుక్రవాహికలోకి ఎక్కించిన పాలిమర్ గోడ లోపల పొరగా అంటుకుని, దాటిపోయే శుక్రకణాలను పనికిరాకుండా చేస్తుంది. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో 303 మంది పురుషులపై జరిగిన మూడో దశ పరీక్షల ఫలితాలు 2023లో వెలువడ్డాయి. గర్భాన్ని నివారించడంలో 99.02 శాతం సఫలత నమోదైంది. ఆలోచన నుంచి ఈ ఫలితం దాకా నలభై ఏళ్ళకు పైగా పట్టింది.

మెహ్రౌలీ స్తంభానికి వీపు ఆనించి వెనక్కి చేతులు చాపి కౌగిలించుకుంటే అదృష్టం కలుగుతుందని ఒకప్పుడు సందర్శకులు బారులు తీరేవారు. తడిసి ఆరి శతాబ్దాల్లో కట్టిన పొర, చేతుల రాపిడికి ఆ మేర అరిగి నునుపు తేలింది. 1997లో చుట్టూ కంచె వేశారు. ఆరు టన్నుల ఇనుముకు కంచె అక్కర్లేదు. ఆ కంచె కాపాడుతున్నది మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు మందం ఉన్న పొరను.