ట్రాక్టరు ముందు చక్రముల వణుకు – సరిచేసుకొను విధానము

పల్నాడు జిల్లా ఈపూరు ప్రాంతములో ఒక ట్రాక్టరు సంవత్సరము పొడవునా చేయు పనులను లెక్కవేసి చూడుడు. వేసవిలో నల్లరేగడి దుక్కి, వానలు పడిన పిమ్మట పత్తి, మిరప చేలలో అంతర సేద్యము, నీటివసతి గల చోట వరికి దమ్ము, కోతల కాలములో ట్రక్కు తగిలించుకొని రోడ్డు ప్రయాణము. ఒక పనికి తగినట్లు అమర్చిన ముందు చక్రములు మరియొక పనికి సరిపడవు. పొలములో నెమ్మదిగా పోవునప్పుడు తెలియని లోపము రోడ్డుపై వేగము అందుకొనగానే బయటపడును. ముందు చక్రములు ఇటునటు కొట్టుకొనును. స్టీరింగు చేతిలో నిలువదు. వేగము తగ్గించినచో వణుకు ఆగిపోవును గనుక చాలమంది దానిని పట్టించుకొనరు.

ఇది పట్టించుకొనకుండ విడువదగిన లోపము కాదు. మన ప్రాంతములో ట్రాక్టరు పోవు దారులు అన్నియు వెడల్పైన రోడ్లు కావు. 1967 ఆగస్టులో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదలినప్పటి నుండి కాలువకట్టల మీద బండి నడపుట పల్నాటి రైతులకు అలవాటైనది. 2018 ఏప్రిల్ 6న నల్గొండ జిల్లాలో మిరపకోతకు కూలీలను తీసికొనిపోవుచున్న ట్రాక్టరు కాలువలో పడి పలువురు మరణించిరి. ఆ ప్రమాదమునకు చక్రముల వణుకు కారణమని చెప్పుట లేదు. కాలువకట్టపై స్టీరింగు ఒక్క క్షణము అదుపు తప్పినచో ఏమగునో చెప్పుటకే దానిని జ్ఞాపకము చేయుచున్నాము. సరకుల ట్రక్కులో మనుష్యులను ఎక్కించరాదన్న నియమము కూడ ఇందుకొరకే.

ఎద్దులబండికి ఈ బాధ లేదు. దాని ఇరుసు ఒకే దూలము; బండిని త్రిప్పునవి ఎడ్లు. ట్రాక్టరులోనైతే ఇరుసు కదలక నిలిచియుండును. దాని రెండు కొనలయందు చక్రములు వేర్వేరుగ కింగ్ పిన్నులపై తిరుగును. ఈ పద్ధతి మోటారు బండ్లు పుట్టక పూర్వమే, గుర్రపుబండ్ల కొరకు వచ్చినది. 1817లో మ్యూనిక్ నగరమునందు లాంకెన్‌స్పెర్గర్ అను బండ్ల తయారీదారుడు దీనిని రూపొందించగా, మరుసటి సంవత్సరము ఇంగ్లండులో ఆకర్‌మన్ పేరున పేటెంటు పొందిరి. రెండు చక్రములను కలిపి ఒక్కటిగా త్రిప్పునది టై రాడ్. అందుచేత కింగ్ పిన్నులో గాని, టై రాడ్ కొనలలో గాని, చక్రపు బేరింగులో గాని ఏ కొద్ది వదులున్నను ఆ మేరకు చక్రము తన ఇచ్చవచ్చినట్లు ఆడగలదు.

సామాన్యముగా జరుగునది ఇది. చక్రములు ఆడుచున్నవనగానే డ్రైవరు టై రాడ్ నట్టులు వదులుచేసి, కంటి అంచనాతో రెండు చుట్లు త్రిప్పును. ఒక దినము బాగున్నట్లుండి తిరిగి మొదటికి వచ్చును. మరికొందరు స్టీరింగు బాక్సు మీది సర్దుబాటు బోల్టును బిగించుదురు. దానితో స్టీరింగు బరువెక్కి వణుకు చేతికి తెలియుట తగ్గును గాని చక్రము ఆడుట ఆగదు. ఈ రెండవ పని మొదటిదానికంటె చెడ్డది, లోపమును దాచిపెట్టును. వదులు ఎక్కడున్నదో ముందు కనుగొని తీసివేయవలెను. ఆ తరువాతనే కొలత. వదులున్న చక్రములకు తీసిన కొలత ట్రాక్టరు కదలగానే మారిపోవును.

జాకీ ఎత్తి చూడవలసినవి

మొదట టైర్లు చూడుడు. రెండు ముందు టైర్లు ఒకే సైజువి, ఇంచుమించు ఒకే అరుగుదల గలవి కావలెను. ఒకదానిలో గాలి తక్కువైనను బండి ఆ వైపునకు లాగును. గాలి ఎంత ఉండవలెనో ట్రాక్టరుతో ఇచ్చిన పుస్తకములో ఉండును. కాలితో తన్ని చూచుట కొలత కాదు. గేజి పెట్టి చూడవలెను.

పిమ్మట సమతలమైన గట్టినేలపై ట్రాక్టరును నిలిపి, హ్యాండు బ్రేకు వేసి, వెనుక చక్రములకు ముందు వెనుకల రాళ్లు గాని మొద్దులు గాని అడ్డు పెట్టి, ముందు ఇరుసును జాకీతో ఎత్తవలెను. జాకీ ఒక్కదానిని నమ్మరాదు. ఇరుసు క్రింద బలమైన కొయ్య దిమ్మెలు పెట్టిన తరువాతనే చక్రము మీద చేయి వేయవలెను.

చక్రమును గిరగిర త్రిప్పి, టైరు ప్రక్కన ఒక పుల్లను కదలకుండ పట్టుకొనుడు. పుల్లకు టైరు ఒకచోట దగ్గరగను, ఒకచోట దూరముగను పోవుచున్నచో రిమ్ము వంగినదన్నమాట. రాళ్లదారిలో బరువుతో పోయిన బండ్లకు ఇది తరచుగా వచ్చును. ఎంత కొలత సరిచేసినను వంగిన రిమ్ముతో వణుకు పోదు.

తరువాత చక్రమును పైన ఒక చేతితో, క్రింద ఒక చేతితో పట్టి లోపలికి బయటికి ఊపుడు. కదలిక ఉన్నచో ఇంకొకరిని చక్రము వెనుక కూర్చుండి చూడుమనుడు. హబ్బు మాత్రమే కదలుచున్నచో బేరింగు వదులైనది. హబ్బుతోపాటు స్పిండిల్ కూడ ఇరుసు కొనలో కదలుచున్నచో కింగ్ పిన్ గాని దాని బుష్షులు గాని అరిగినవి. ఈ రెంటికి మందు వేరు గనుక తొందరపడి ఒకదానికి బదులు ఇంకొకటి కొనవద్దు. ఆపై చక్రమును ముందు అంచున, వెనుక అంచున పట్టి ఊపుచు టై రాడ్ కొనలలోని బాల్ జాయింట్లను వేలితో తాకి చూడుడు. రాడ్ కదలకముందే జాయింటులో టకటకమని తగిలినచో దానిని మార్చవలసినదే. దానికి బిగింపు లేదు. చివరకు, ఇరుసు మధ్యనుండు పెద్ద పిన్నును మరువవద్దు. ముందు ఇరుసు ఎగుడుదిగుళ్లకు తగినట్లు దీనిపైననే ఊగును. ఇది అరిగినచో ఇరుసు మొత్తము ముందు వెనుకలకు జరుగుచుండును; చక్రములెంత బాగున్నను ప్రయోజనముండదు.

బేరింగు వదులైనచో అది చెడినదని కాదు. హబ్బు మూత తీసి, స్ప్లిట్ పిన్ను లాగి, చక్రమును చేతితో త్రిప్పుచు, కొంచెము పట్టినట్లు అగువరకు నట్టును బిగించవలెను. తరువాత పిన్ను పట్టు గాడి వచ్చునంత మేరకు వెనుకకు వదలవలెను. చక్రము స్వేచ్ఛగా తిరుగవలెను, ఊపినచో కదలరాదు. పాత పిన్నును తిరిగి వాడవద్దు. త్రిప్పునప్పుడు గరగరమని శబ్దము వచ్చినచో బేరింగులు మార్చవలెను. దమ్ము చేసిన ట్రాక్టర్లలో సీలు దాటి నీరు, బురద హబ్బులోనికి పోయి గ్రీజును పాడుచేయును. కనుక దమ్ము పని ముగిసిన వెంటనే హబ్బులు విప్పి, కిరోసినుతో గాని డీజిలుతో గాని కడిగి, కొత్త గ్రీజు నింపుట మంచిది. దమ్ము సాగుచున్నన్ని దినములు కింగ్ పిన్నులకు ప్రతిదినము, పాత గ్రీజు బయటికి వచ్చునంతవరకు గన్నుతో కొట్టవలెను. బండి ఇరుసుకు కందెన పెట్టక ఏ రైతు ప్రయాణము సాగించెను?

చక్రముల ముఖము కొలుచుట

ఇప్పుడు కొలతకు వత్తము. పైనుండి చూచినచో ముందు చక్రముల ముందు అంచులు వెనుక అంచులకంటె కొంచెము దగ్గరగా ఉండవలెను. పాదములు లోపలికి త్రిప్పి నడచు పిల్లవాని నడక వంటిది. మెకానిక్కులు దీనిని టో-ఇన్ అందురు. ట్రాక్టరు ముందుకు పోవునప్పుడు నేల ఒరిపిడికి చక్రములు బయటికి విచ్చుకొనజూచును. జాయింట్లలో ఉండు స్వల్పమైన సందు మేరకు అవి విచ్చుకొని, నడకలో సమానాంతరముగా నిలుచును. మొదటనే సమానాంతరముగనో, బయటికి విచ్చుకొనియో ఉన్నచో నడకలో ఇంకను విచ్చుకొని ఊగిసలాడును.

ఈ తేడా కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే. కచ్చితమైన అంకె మీ ట్రాక్టరు పుస్తకములో ఉండును, దానినే పాటింపవలెను. ప్రక్క రైతు ట్రాక్టరు అంకె మీకు పనికిరాదు.

దిమ్మెలు, జాకీ తీసివేసి, స్టీరింగును సూటిగా నిలిపి, ట్రాక్టరును 3, 4 మీటర్లు ముందుకు నడిపి ఆపుడు. వెనుకకు నడుపవద్దు, వెనుకకు నడిపినచో జాయింట్లలోని సందు ఎదురువైపునకు మారును. రెండు టైర్ల ముందు భాగమున, హబ్బు మధ్యభాగమునకు సరియైన ఎత్తులో, టైరు నడిమి గీత మీద సుద్దతో గుర్తు పెట్టుడు. టేపుతో ఆ రెండు గుర్తుల మధ్య దూరము కొలిచి వ్రాసికొనుడు. ఇప్పుడు ఆ గుర్తులు సరిగా వెనుకకు, అదే ఎత్తునకు వచ్చువరకు ట్రాక్టరును ముందుకు జరిపి తిరిగి కొలువుడు. ముందు 130 సెంటీమీటర్లు, వెనుక 130.5 సెంటీమీటర్లు వచ్చినదనుకొనుడు. టో-ఇన్ 5 మిల్లీమీటర్లు. ముందు కొలత ఎక్కువగా, వెనుక కొలత తక్కువగా వచ్చినచో చక్రములు బయటికి విచ్చుకొని ఉన్నవన్నమాట. రెండు కొలతలకు అవే సుద్ద గుర్తులను వాడుచున్నాము గనుక రిమ్ములో స్వల్పమైన వంపున్నను లెక్క తప్పదు.

సరిచేయుటకు టై రాడ్ రెండు కొనల లాక్ నట్టులను వదులుచేసి రాడ్‌ను త్రిప్పవలెను. ఒక కొన కుడి మరలు, రెండవ కొన ఎడమ మరలు గలదై యుండుటచేత రాడ్ త్రిప్పగానే పొడవు పెరుగుట గాని తగ్గుట గాని జరుగును. టై రాడ్ ఇరుసుకు వెనుకవైపున ఉన్నచో రాడ్ పొడవు పెంచినప్పుడు ముందు అంచులు దగ్గరకు వచ్చును. ఇరుసుకు ముందు ఉన్నచో దీనికి విరుద్ధము. కొన్ని ట్రాక్టర్లలో స్టీరింగు నుండి ప్రతి చక్రమునకు ఒక్కొక్క రాడ్ వేరుగ వచ్చును. అట్టివానిలో రెండు రాడ్లను సమానముగ సరిచేయవలెను. లేనిచో స్టీరింగు చక్రము మధ్యలో నిలువదు. ఒకవైపు ఎక్కువగా, రెండవవైపు తక్కువగా తిరుగును.

కొలత తప్పినదని టైరే చెప్పును. అరచేతిని టైరు మీద అడ్డముగా, బయటి నుండి లోపలికి, తిరిగి లోపలి నుండి బయటికి రాచి చూడుడు. ఒకవైపు రాచినప్పుడు నునుపుగను, ఇంకొకవైపు రాచినప్పుడు రంపపు పళ్లవలె గరుకుగను తగిలినచో చక్రము ప్రక్కకు ఈడ్వబడుచున్నదని అర్థము. ఎంత ఈడ్వబడునో చిన్న లెక్క వేయుదము. 6.00–16 టైరు అడ్డకొలత సుమారు 730 మిల్లీమీటర్లు. టో-ఇన్ 24 మిల్లీమీటర్లు ఉన్నచో చెరియొక చక్రము వంతు 12. ఈ లెక్కన ప్రతి కిలోమీటరు నడకకు ఒక్కొక్క టైరు సుమారు 16 మీటర్ల దూరము ప్రక్కకు ఈడ్వబడును. టైరు ధర తెలిసిన రైతునకు ఇంతకంటె చెప్పనక్కరలేదు.

అచ్చు మార్చినప్పుడు

మన ప్రాంతములో వణుకునకు ముఖ్యమైన కారణము ఇదియేయని మా అభిప్రాయము. పత్తి, మిరప సాళ్ల ఎడమునుబట్టి చక్రముల అచ్చును వెడల్పు చేయుదుము, తగ్గించుదుము. ముందు ఇరుసు గొట్టములో రంధ్రములుండును. బోల్టులు తీసి, ఇరుసు కొనలను బయటికి లాగి, మరొక రంధ్రములో బిగించుదుము. ఇరుసును రెండువైపుల సమానముగా లాగవలెను. దానితోపాటు టై రాడ్ పొడవును కూడ అంత మేరకే మార్చవలెను. తొందరలో ఇరుసు ఒక రంధ్రము జరిపి, రాడ్‌ను చేతికి అందిన చోట బిగించినచో చక్రముల ముఖము చెడును. చేనులో పని జరిగిపోవును. కోతల నాటికి అదే ట్రాక్టరు ట్రక్కుతో రోడ్డెక్కినప్పుడు వణుకు మొదలగును. అచ్చు మార్చిన సంగతి అప్పటికి ఎవరికి జ్ఞాపకముండదు. ఫెర్గూసన్ పాత నమూనాలలో అచ్చు మార్చినను స్టీరింగు రాడ్లను ముట్టనక్కరలేని ఏర్పాటుండెడిది. అన్ని ట్రాక్టర్లు అట్టివి కావు. అచ్చు మార్చిన ప్రతిసారి సుద్ద, టేపు తీసికొని కొలువవలెను, పావుగంట పని.

రోటవేటరు పైకెత్తుకొని రోడ్డుపై పోవునప్పుడు వణుకు వచ్చి, అది దింపగానే పోయినచో కొలతను ముట్టవద్దు. వెనుక బరువుచేత ముందు చక్రములు తేలిపోవుచున్నవి. ముందు బరువులు తగిలించవలెను.

ఎత్తు పెంచిన బండ్లు

మిరప బస్తాలను గుంటూరు యార్డునకు చేర్చు చిన్న సరకు బండ్లకు, పాత జీపులకు కొందరు కమాను కట్టలలో అదనపు పట్టీలు వేసియో, కమాను కొనల సంకెళ్లు పొడవు చేసియో ఎత్తు పెంచుచున్నారు. పెద్ద టైర్లు కూడ వేయుదురు. ఆ తరువాత స్టీరింగు వణకుచున్నదని టై రాడ్ త్రిప్పుదురు. ఇక్కడ చెడినది వేరొకటి. సైకిలు ముందు ఫోర్కు ఏటవాలుగ ఉండుట మీరెరుగుదురు. ఆ వాలువలననే చేతులు వదలినను సైకిలు సూటిగా పోవును. బండి కింగ్ పిన్నునకు అట్లే పైకొన వెనుకకు వాలియుండును. దీనిని క్యాస్టరు అందురు. కమాను ఒక కొనను ఎత్తినచో ఇరుసు తిరిగి ఆ వాలు మారును. వాలు తగ్గినచో మలుపు తరువాత స్టీరింగు తనంత తాను మధ్యకు రాదు. గతుకు తగిలినప్పుడల్లా చక్రములు కొట్టుకొనును. ఇరుసునకు కమానుకు మధ్య చీలిక వంటి ఇనుప పలక పెట్టి వాలును సరిచేయుటకు వీలున్నది గాని, అది యంత్రముతో కొలిచి చేయవలసిన పని. ముందు చక్రములకు కమాన్లు లేని కొత్త బండ్లలో ఎత్తు పెంచినచో చక్రములు నిలువున వాలుటయు, టో-ఇన్ మారుటయు కూడ జరుగును. తయారీదారు నిర్ణయించిన రూపమును మార్చుట 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము నిషిద్ధము. అదనపు పట్టీలు తీసివేసి, బండిని పూర్వపు ఎత్తునకు తెచ్చి, అలైన్‌మెంటు చేయించుటయే మా సలహా.

గ్రామ అధికారులకు ఒక మాట. అద్దెకిచ్చు ఉమ్మడి యంత్రములు ఉన్న గ్రామములలో ఒక గాలి గేజి, ఒక టేపు, ఒక గ్రీజు గన్ను రైతు సేవా కేంద్రమునందు ఉంచినచో ఖర్చు స్వల్పము, ఉపయోగము ఎక్కువ. డ్రైవర్లకు శిక్షణ కావలసినచో అనంతపురం జిల్లా గార్లదిన్నెలోని దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థను సంప్రదింపవచ్చును.

కొలత సరిపెట్టి లాక్ నట్టులు బిగించిన పిమ్మట నట్టు మీదుగా రాడ్ మీదికి రంగుతో ఒక సన్నని గీత గీయుడు. కొన్ని గంటల పని తరువాత వంగి చూడుడు. గీత రెండు ముక్కలై పక్కకు జరిగియున్నచో నట్టు వదులైనది. మరల కొలిచి బిగించవలెను.