డిస్కులు కానరాని సర్వరు

రేడియో మూగవోయినంత మాత్రమున కేంద్రమే మూతపడినదని ఎవరును తలపరు. కాని సర్వరు తెరపై డిస్కులు లేవన్న మాట కనబడగానే అనుభవజ్ఞులకు సైతము గుండె జారును. సంవత్సరముల లెక్కలన్నియు పోయినవనియే తలంతురు.

పెక్కు డిస్కులను ఒక్కటిగా కూర్చి, ఒకటి చెడినను సమాచారము నిలుచునట్లు చేయు పద్ధతికి ‘రెయిడ్’ అను పేరు 1988లో బర్క్‌లీ పండితులు పాటర్సన్, గిబ్సన్, కాట్జ్‌ల వ్యాసముతో వ్యాప్తికి వచ్చినది. ఆ డిస్కులకు పెద్ద కంట్రోలరు. కంట్రోలరు పలుకును ఆపరేటింగ్ సిస్టమునకు తెలుపు దుబాసి డ్రైవరు. దుబాసి లేనినాడు డిస్కులు క్షేమముగనుండియు కానరావు. 2019లో వెలువడిన రెడ్‌హాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8 కొన్ని పాత కంట్రోలర్లకు డ్రైవరు మద్దతును తొలగించినది. వానిపై ఆ క్రొత్త వ్యవస్థను ఎక్కింపబోయిన వారికి ఎదురైనది ఈ చిక్కే.

కావున యంత్రము మేల్కొనునప్పుడు కంట్రోలరు సొంత తెరను ముందు చూడవలెను. అచట డిస్కులన్నియు సరిగానున్నచో దోషము చాలవరకు డ్రైవరుదే. పాత కెర్నెలు మిగిలియున్న దానితో ప్రారంభించి చూడుడు. అది పనిచేసినచో, క్రొత్త కెర్నెలునకు తగిన డ్రైవరును చేర్చి, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ప్రతిని మరల నిర్మింపవలెను. ఈ రెండవ పనియే తరచు మరపున పడును. కంట్రోలరు తెరపైనను డిస్కు కానరానిచో కేబులును, డిస్కును, కంట్రోలరును పరీక్షింపవలసియుండును.

ఏమైనను, ఆ తెరలో ‘ఇనిషియలైజ్’ అను దానిని మాత్రము తొందరపడి ముట్టరాదు. కూర్పు వివరములు సాధారణముగ డిస్కులమీదనే వ్రాయబడియుండును; ఆ ఆజ్ఞతో క్షేమముగనున్న సమాచారమే చెరిగిపోగలదు.